పెరడంతా బీట్‌రూట్

కెనడా తూర్పు తీరాన డార్ట్‌మత్‌లో ఇల్లు కొనుక్కున్నాక మొదటి మూడేళ్లూ విద్య పెరట్లో ఏదీ సరిగా పండలేదు. బెండ మొలకే ఎత్తలేదు. దోసపాదు జూన్ చలికి ముడుచుకుపోయింది. టమాటాలు కాసినట్టే కాసి, సముద్రం మీద నుంచి వచ్చే పొగమంచుకు ఆకులు నల్లబడి, పండకుండానే కుళ్లిపోయాయి. ప్రతి సెప్టెంబర్‌లోనూ ఆ ఎండుతీగల్ని పీకి పోగు పెడుతూ, "ఈ నేలకి నేనంటే పడదు" అనేది. భర్త శేషగిరి నవ్వేవాడు. అతను రోజూ ఫెర్రీలో హార్బర్ దాటి హాలిఫాక్స్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్లొస్తాడు. విద్య దగ్గర్లోని డేకేర్‌లో పనిచేస్తుంది. కూతురు ఇషిత అంటారియో రాష్ట్రంలో, లండన్ అనే ఊళ్లోనే ఉండి చదువుకుంటోంది.

నాలుగో ఏడు పక్కింటి డోరీన్ రెండు పొట్లాల బీట్‌రూట్ విత్తనాలు తెచ్చి ఇచ్చింది. ఆ ఇంట్లోనే పుట్టి ముసలిదైన మనిషి. "ఇక్కడ నేల కింద పెరిగేవే పెట్టాలి. పైన పెరిగేవాటిని గాలి బతకనివ్వదు" అంది.

బీట్‌రూట్ విత్తు చూడ్డానికి ఒకటే అయినా లోపల మూడు నాలుగు గింజలుంటాయి. ఒక్కో చోట గుంపులుగా మొలకలు లేచాయి. ఒత్తుగా ఉంటే దుంప ఊరదు, పలచన చేసి మిగతావి పీకేయమని డోరీన్ చెప్పింది. ఇన్నేళ్లకు పచ్చగా లేచిన మొక్కను పీకి పారేయడానికి విద్యకు చేతులు రాలేదు. పీకిన ప్రతి మొలకనూ ఇంకో చోట నాటింది. మడి నిండాక కంచె వెంట, ఆ తర్వాత మెట్ల పక్కన, చివరికి శేషగిరి చేత లాన్‌లో సగం తవ్వించి అక్కడ కూడా. ఒక్కటీ చావలేదు. ఆగస్టుకల్లా పెరడంతా ఎర్రటి ఈనెల ఆకులే.

ఇక ఆ ఇంట్లో బీట్‌రూట్ లేని పూట లేదు. కొబ్బరికోరు వేసి వేపుడు, పెరుగుపచ్చడి, ఆకులతో పప్పు, ఆదివారం హల్వా. డేకేర్‌లో తోటివాళ్లకు సంచులు సంచులు పంచింది. పొద్దున్నే శేషగిరికి ఒక గ్లాసు జ్యూస్. అల్లం, నిమ్మకాయ వేసి ఇస్తే అతను గటగటా తాగేసి, మూతి తుడుచుకుని ఫెర్రీకి పరిగెత్తేవాడు.

ఒకరోజు పొద్దున బాత్రూమ్‌లోంచి అతని కేక వినపడింది.

"విద్యా, ఒకసారి ఇటు రా. తొందరగా."

ఆమె తడి చేతులతోనే పరిగెత్తింది. కమోడ్‌లో నీళ్లు ఎర్రగా ఉన్నాయి. శేషగిరి ముఖం పాలిపోయింది. విద్య ఒక్క క్షణం భయపడి, వెంటనే పగలబడి నవ్వింది.

"రాత్రి ఏం తిన్నారు? పొద్దున ఏం తాగారు? అది బీట్‌రూటండీ. నాకూ నిన్న అలాగే వచ్చింది."

కంచె అవతలి నుంచి డోరీన్ కూడా అదే చెప్పింది. చిన్నప్పుడు వాళ్ల తమ్ముడు చచ్చిపోతున్నానని ఏడ్చాడట. ఆ వారం ఫోన్‌లో ఇషితకు చెబితే, "అమ్మా, గ్రోస్! టూ మచ్ ఇన్ఫర్మేషన్" అని ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత అది ఇంట్లో హాస్యం అయిపోయింది. పొద్దున్నే శేషగిరి బయటికి రాగానే, "ఏం రంగు ఇవాళ?" అని విద్య అడగడం, "నీ తోట రంగే" అని అతను అనడం.

సెప్టెంబర్‌లో అతనికి నీరసం మొదలైంది. ఫెర్రీ దిగి ఇంటికి వచ్చే ఎత్తు దారిలో రెండుసార్లు ఆగాల్సి వస్తోందన్నాడు. ప్యాంటు వదులైంది. వాళ్లకు ఫ్యామిలీ డాక్టర్ లేడు. వచ్చిన ఏడాదే ప్రభుత్వ వెయిటింగ్ లిస్టులో పేరు నమోదు చేయించుకున్నా ఇంకా పిలుపు రాలేదు. అపాయింట్‌మెంట్ అక్కర్లేని వాక్-ఇన్ క్లినిక్‌కి వెళ్దామంటే, ఈ ప్రాజెక్ట్ అయిపోనీ అన్నాడు.

"రక్తం తగ్గినట్టుంది మీకు" అని విద్య గ్లాసు మార్చింది. ఇంకాస్త పెద్ద గ్లాసు.

అక్టోబర్‌లో ఒక శనివారం మంచు పడుతుందని హెచ్చరిక వచ్చింది. పెరట్లో ఇంకా మూడొంతుల పంట నేలలోనే ఉంది. గడ్డకడితే దుంప మెత్తబడి పాడైపోతుంది. ఎలా దాచాలో డోరీన్ చెప్పింది. కడగకూడదు. ఆకుల్ని కత్తితో కోయకుండా, కాడ కొంచెం మిగిలేలా చేత్తో మెలితిప్పి తుంచాలి. కోస్తే దుంప రక్తం కారినట్టు కారిపోతుంది. తడి ఇసుక ఒక వరుస, దుంపలు ఒక వరుసగా పెట్టెల్లో పేర్చి బేస్‌మెంట్‌లో చల్లటి మూల పెడితే వసంతం దాకా ఉంటాయి.

శేషగిరి ఇసుక సంచులు కొనుక్కొచ్చి డ్రైవ్‌వేలో దించాడు. ఒక్క సంచి మోసి బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుండిపోయాడు. "నువ్వు తవ్వుతూ ఉండు, మంచినీళ్లు తాగొస్తా" అని లోపలికి వెళ్లాడు. ఎంతకీ రాకపోయేసరికి విద్య వంటింటి తలుపు తీసుకుని లోపలికి వచ్చింది.

అతను సింక్ దగ్గర నిలబడి, పొద్దున ఆమె ఇచ్చిన జ్యూస్ ఒంపేస్తున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

అతను ఉలిక్కిపడ్డాడు. "అడుగున కాస్త మిగిలితే..."

"కాస్తా? గ్లాసు నిండా ఉంది కదండీ!"

"తాగలేకపోతున్నా విద్యా. ఆ వాసనకే కడుపులో తిప్పుతోంది."

"ఎన్నాళ్ల నుంచి?"

"సెప్టెంబర్ మొదట్లో, లేబర్ డే అప్పటి నుంచి అనుకుంటా."

"నెల దాటింది! నేను చీకటితో లేచి, చెక్కు తీసి, మిక్సీ వేసి, వడగట్టి ఇస్తుంటే మీరు సింకులో పోస్తున్నారా? మరి లంచ్ బాక్సులో కూర?"

అతను కుళాయి తిప్పాడు.

"అదీ పారేస్తున్నారా? తినలేనని ఒక్క మాట చెబితే నేనేమన్నా కొడతానా? అక్కడ నడుం విరిగేలా ఎవరి కోసం తవ్వుతున్నాను?"

"ఇన్నేళ్లకి నీకు పండింది. చెప్పాలనిపించలేదు."

విద్య ఇంకేదో అనబోయింది. మొన్న ఆదివారం కమోడ్ అంచు మీద ఎర్రటి మరక ఆమే తుడిచింది. నిన్న పొద్దున "ఏం రంగు?" అంటే, "నీ తోట రంగే" అనే చెప్పాడు.

"ఏవండీ" అంది. "మీరు తిననే తినకపోతే... ఎర్రగా ఎలా వస్తోంది?"

శేషగిరి గ్లాసు కడిగాడు. కడిగిన గ్లాసునే మళ్లీ కడిగాడు.

"చెప్పండి. ఇంకా వస్తోందా?"

"వస్తోంది."

"రోజూనా?"

"రోజూ కాదు. నాలుగు రోజులు మామూలుగా ఉంటుంది, మళ్లీ వస్తుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"బీట్‌రూటేనండీ అని నువ్వంటుంటే వినడానికి బాగుండేది."

చేతుల మట్టి కూడా కడుక్కోకుండా విద్య కారు తాళాలు తీసింది.

ఎమర్జెన్సీలో మొదట పలకరించిన నర్సు అంతా రాసుకుని, మామూలుగా అడగాల్సిన ప్రశ్నే అడిగింది. "ఈమధ్య బీట్‌రూట్ ఏమైనా తిన్నారా?"

"లేదు!" అని విద్య అరిచింది. హాల్లో అందరూ ఇటు తిరిగారు. "తినలేదు ఆయన. నేను పెట్టాను, ఆయన తినలేదు. పారేశారు. అది బీట్‌రూట్ కాదు, దయచేసి రాసుకోండి, కాదు."

నర్సు ఆమె చేతుల వంక చూసింది. గోళ్ల సందుల్లో మట్టి, వేళ్లకు ఎర్రటి మరకలు. లేచి నీళ్లు తెచ్చిచ్చింది.

ప్లాస్టిక్ కుర్చీల్లో చాలాసేపు కూర్చున్నారు. రక్తం తీశారు, స్కాన్ తీశారు. చివరికి ఒక యువ డాక్టరు కర్టెన్ లాగి, స్టూల్ మీద కూర్చుని చెప్పాడు. ఎడమ కిడ్నీ మీద పెద్ద గడ్డ ఉంది. కొన్ని నెలలుగా పెరుగుతూ ఉండాలి. తీసేయాలి. ఎంతవరకు పాకిందో ఇంకా చూడాలి.

"ఆగస్టులో వచ్చుంటే?" అని విద్య అడిగింది.

"అది చెప్పడం కష్టం" అన్నాడతను. మంచివాడు, అబద్ధం చెప్పలేదు. విద్యకు మాత్రం ఆ జవాబు చెంప మీద కొట్టినట్టే తగిలింది.

పార్కింగ్‌లో కారు దాకా వచ్చాక శేషగిరి అన్నాడు: "ఇసుక సంచులు డ్రైవ్‌వేలోనే వదిలేశాం. వాన పడితే బరువెక్కుతాయి."

ఆమె స్టీరింగ్ పట్టుకుని ఏడ్చింది. ఆగస్టులో ఆ బాత్రూమ్‌లో తను నవ్విన నవ్వు చెవుల్లోంచి పోవడం లేదు.

ఆదివారం మధ్యాహ్నం శేషగిరి మాత్ర వేసుకుని నిద్రపోయాడు. మంచు ఇంకా పడలేదు. విద్య పార పట్టుకుని పెరట్లోకి వెళ్లి తవ్వడం మొదలుపెట్టింది, దాచడానికి కాదు. ఒక్క దుంప కూడా ఆ నేలలో మిగలకూడదు. తీసింది తీసినట్టే తెచ్చి తడిచెత్త వేసే గ్రీన్ బిన్‌లో విసిరికొట్టింది. పార తగిలి తెగిన దుంపల్లోంచి ఎర్రటి నీరు కారి ఆమె చేతులు, స్వెట్టర్ తడిసిపోయాయి. బిన్ నిండి మూత పడలేదు. దాన్ని రోడ్డు దాకా లాగబోయింది. కదల్లేదు. బలమంతా పెట్టి గుంజితే ఒక్కసారిగా ఒరిగి పడింది. దుంపలన్నీ డ్రైవ్‌వే మీదుగా దొర్లుకుంటూ రోడ్డు మీదకు పోయాయి.

విద్య అక్కడే కూలబడింది.

డోరీన్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరుగున వచ్చింది. విద్య ముక్కలు ముక్కలుగా చెప్పింది. "అది బీట్‌రూటని నేనే చెప్పాను. నవ్వాను కూడా. నెత్తురు పోతుంటే ఆయన్ని చూసి నవ్వాను."

డోరీన్ ఆమె పక్కనే, ఆ చల్లటి సిమెంటు మీద కూర్చుంది. "నేనూ అదే చెప్పాను కదా. విత్తనాలు ఇచ్చిందీ నేనే" అంది. తర్వాత లేచి, రోడ్డు మీది దుంపల్ని ఒక్కొక్కటే ఏరి బకెట్‌లో వేయసాగింది.

"వదిలేయండి డోరీన్. నాకవి వద్దు. చూడలేను."

"చూడొద్దు. కానీ ఇంత బరువు పారేసే ఓపిక నీకు లేదిప్పుడు. పెట్టెల్లో సర్దడం దీనికంటే తేలిక. కింద పెట్టి తలుపు వేసేద్దాం."

ఇద్దరూ బేస్‌మెంట్‌లో ఇసుక పరిచారు. తెగినవి, దెబ్బతిన్నవి డోరీన్ పచ్చడి పెడతానని తీసుకుపోయింది. బాగున్నవాటిని వరుసలుగా పేర్చి, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ఇసుక పోశారు. డోరీన్ చెప్పింది చెప్పినట్టు విద్య చేసింది. ఏడుస్తూనే చేసింది. గోడ వెంట పెట్టెలు నడుమెత్తు దాకా లేచాయి. తలుపు వేసి పైకి వచ్చాక నెలల తరబడి ఆమె మళ్లీ ఆ గదిలోకి వెళ్లలేదు.

ఆపరేషన్ నవంబర్ చివర్లో జరిగింది. ఇషిత విమానంలో వచ్చింది. కిడ్నీ మొత్తం తీసేశామని, అంతా బాగా జరిగిందని సర్జన్ చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న మచ్చలు కనిపిస్తున్నాయని, కోలుకున్నాక కొన్ని వారాలకోసారి సెలైన్‌లో మందు ఎక్కించాల్సి ఉంటుందని అన్నాడు.

వెయిటింగ్ రూమ్‌లో విద్య మళ్లీ అదే మొదలుపెట్టింది. ఆగస్టు, జ్యూస్, నవ్వు. ఇషిత కాసేపు విని, ఒక్కసారిగా లేచి నిలబడింది.

"అమ్మా, స్టాప్. ప్లీజ్. ఐ కాంట్ క్యారీ యు టూ. ఐ యామ్ స్కేర్డ్ ఫర్ డాడ్, ఓకే?"

ఆ పిల్ల పెదాలు చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పటిలాగే వణుకుతున్నాయి. విద్య మాట ఆపి కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. ఆ రోజు తర్వాత ఆ సంగతి ఇషిత దగ్గర ఎత్తలేదు. లోపల అరిగిపోయేలా తిప్పుకునేది, అంతే.

ఇంటికి వచ్చాక ఆమెకు కొత్త జబ్బు పట్టుకుంది. శేషగిరి బాత్రూమ్‌కి వెళ్తే చాలు, తలుపు బయట నిలబడేది. ఫ్లష్ చెయ్యొద్దనేది. లోపలికి వచ్చి లైటు వేసి, వంగి చూసేది. ఒక్కోసారి ఫోన్ టార్చ్ కూడా. మిగిలిన ఆ ఒక్క కిడ్నీ మీదే ఆమె ప్రాణాలన్నీ. ఎర్రగా ఉండేదేదీ ఇంట్లోకి రానిచ్చేది కాదు.

జనవరిలో ఒకరోజు అతను తలుపు ధడాలున తీశాడు.

"విద్యా, బాత్రూమ్‌కి కూడా నన్ను ఒంటరిగా వెళ్లనివ్వవా? నేనింకా చావలేదు."

"ఆ మాట అనకండి."

"మరి నువ్వలా నిలబడితే రోజూ అదే వినపడుతోంది నాకు."

ఆమె గోడకు ఆనుకుంది. "ఒకసారి చూసి కూడా చూడలేదు నేను. ఇంకోసారి అలా జరిగితే నేను బతకను."

అతను తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చిక్కిపోయిన చేయి. తర్వాత పక్కకి జరిగాడు, ఆమె లోపలికి వెళ్లి చూసుకోవడానికి.

కింద గదిలోంచి మట్టివాసన పైకి రావడం మొదలైంది. ఇంకా ఆలస్యం చేస్తే కుళ్లుతాయి. ఊళ్లోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో, "ఇంట్లో పండిన బీట్‌రూట్, ఉచితం, వచ్చి తీసుకెళ్లండి" అని శేషగిరే పెట్టాడు. కాలేజీల్లో చదువుతూ, షిఫ్టుల్లో పనిచేస్తూ నలుగురైదుగురు కలిసి అద్దెకుండే పిల్లలు మంచులో బస్సులు మారి వచ్చారు. డోరీన్ కింద నింపి తెచ్చిన సంచి చేతికిస్తూ విద్య ప్రతి ఒక్కరికీ చెప్పేది: తిన్నాక ఎర్రగా వస్తే రెండు రోజులు తినడం ఆపండి. రెండు రోజులకీ పోకపోతే ఆసుపత్రికి పరిగెత్తండి. నవ్వొద్దు. ఎవరైనా నవ్వినా వినొద్దు.

కరీంనగర్ నుంచి వచ్చిన చరిత అనే అమ్మాయి సంచి కింద పెట్టేసింది. "ఆంటీ, గట్లంటే భయమైతుంది. అసలు తినాల్నా వద్దా?"

"కూరగాయలిస్తూ నెత్తురు మాట చెబుతారా ఎవరైనా?" అన్నాడు సోఫాలోంచి శేషగిరి. "తినమ్మా, ఏం కాదు. మా ఆవిడ చెప్పింది మాత్రం గుర్తుపెట్టుకో."

చరిత అతని వంక, గుమ్మం దగ్గరున్న మందుల సంచి వంక చూసింది. సంచి ఎత్తుకుంది. నాలుగు రోజులకు విద్య ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: "ఆంటీ మస్తు అయింది కూర. మీరు చెప్పినట్టే ఎర్రగా వచ్చింది, ఆపినంక పోయింది. అంకుల్ ఎట్లున్నరు?" విద్య దాన్ని రెండుసార్లు చదివి భర్తకు ఇచ్చింది. చాలా రోజులకు అతను నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది.

మార్చిలో స్కాన్ చేశారు. మచ్చలు పోలేదు, పెరగనూ లేదు. మందు ఇలాగే కొనసాగిద్దాం, జూన్‌లో మళ్లీ చూద్దాం అన్నారు. అది మంచి కబురో చెడ్డ కబురో ఇద్దరికీ తెలియలేదు. కారులో బ్రిడ్జి దాటుతుండగా శేషగిరి అన్నాడు:

"ఇంకా ఉన్నాయా కింద?"

"ఏంటి?"

"బీట్‌రూట్లు."

"ఒక పెట్టె అడుగున ఉంటాయేమో. ఎందుకు?"

"వేపుడు చెయ్యి. కొబ్బరేసి."

"వద్దండీ" అంది విద్య. "మళ్లీ ఎర్రగా వస్తే నాకెలా తెలుస్తుంది ఏది ఏదో? నా వల్ల కాదు."

"మందు ఎక్కించే డాక్టరమ్మను అడిగాను. కొద్దిగా తినొచ్చంది." అతను కిటికీలోంచి నీళ్ల వైపు చూశాడు. "ఎన్నాళ్లుంటానో తెలీదు. ఉన్నన్నాళ్లూ ప్రతి ఎర్ర రంగుకీ ఇద్దరం చస్తూ బతకాలా? ఒక్కసారి తింటాను. తిని ఆపేస్తాను. చరితకి పోయినట్టు పోతుందో లేదో చూద్దాం."

విద్య ఆ సాయంత్రం బేస్‌మెంట్ తలుపు తీసింది. ఇసుకలో చెయ్యి పెట్టి వెతికితే గట్టిగా ఉన్నవి నాలుగు దొరికాయి. చెక్కు తీస్తుంటే కత్తి జారింది. రెండుసార్లు స్టవ్ ఆపేసింది, మళ్లీ వెలిగించింది. శేషగిరి వేడన్నంలో కలుపుకుని మెల్లగా తిన్నాడు. ఎప్పటి నుంచో ఏదీ రుచించని మనిషి, గిన్నె అడుగున అంటినది కూడా గీరుకున్నాడు. విద్య ముద్ద ముట్టలేదు, అతన్నే చూస్తూ కూర్చుంది.

మర్నాడు ఎర్రగా వచ్చింది. వస్తుందని తెలిసినా విద్య ఫోన్ టార్చ్ వేసి మళ్లీ మళ్లీ చూసింది. డేకేర్‌కి సెలవు పెట్టింది. గంటగంటకీ మంచినీళ్లు ఇచ్చింది. రాత్రికి లేత గులాబీ. ఆమెకు అది కూడా నెత్తుటిలాగే కనిపించింది. పక్క మీద ఇద్దరూ అటూ ఇటూ దొర్లారు. ఒకరినొకరు నిద్రపోయారా అని అడగలేదు.

ఆ మరుసటి పొద్దున ఆమె టీ పెడుతుండగా పిలిచాడు.

"విద్యా. రా."

ఆమె వెళ్లింది. అతను గోడ పట్టుకుని పక్కకి జరిగి నిలబడ్డాడు. కిటికీలోంచి వెలుతురు బాగా పడుతోంది. లైటు వేయక్కర్లేదు. ఆమె వంగి చూసింది. మామూలు రంగు. ఎండుగడ్డి రంగు.

విద్య బాత్‌టబ్ అంచు మీద కూర్చుని, నోటికి కొంగు లేక టవల్ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అతను ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఇద్దరికీ తెలుసు, జూన్ ఇంకా రావాల్సే ఉంది.

"ఫ్లష్ చెయ్యనా?" అన్నాడు కాసేపటికి.

"ఆగండి" అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "ఇంకొక్కసారి చూడనివ్వండి."